‘ఒక్క అగ్నిపర్వతం చాలు’ అంటున్న ఆ మెసేజ్‌లో లెక్కలు చూద్దాం

ఈ మెసేజ్ ఏదో ఒక రూపంలో మీకూ వచ్చే ఉంటుంది. సారాంశం ఇది: ఒక్క అగ్నిపర్వతం పేలితే మనిషి ఇప్పటిదాకా వదిలినదానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, మనం ఊపిరి వదిలినా వచ్చేది అదే, కరెంటు కారు పెట్రోలు కారుకంటే ఎక్కువ పాడు చేస్తుంది, సోలార్ ప్యానెల్ తన తయారీకి పట్టిన కరెంటును జన్మలో తిరిగివ్వలేదు, కాబట్టి నాలుగు చెట్లు నాటి ఊరుకోండి, మిగతాదంతా వ్యాపారం. కింద ‘పదిమందికీ పంపండి’ అని ఉంటుంది. పంపేవాళ్ళు పంపుతూనే ఉన్నారు.

దీన్ని జనం నమ్మడానికి కారణం లేకపోలేదు. ప్రతి వాక్యంలోనూ కాస్త నిజం ఉంది. అగ్నిపర్వతాలు ఆ వాయువును వదిలే మాట నిజమే, బ్యాటరీ తయారీ శుభ్రమైన పనేమీ కాదు, చెట్లు కార్బన్‌ని పీల్చుకుంటాయి కూడా. కానీ ఎక్కడా ఒక్క అంకె ఇవ్వలేదు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

అగ్నిపర్వతాలతోనే మొదలుపెడదాం. ప్రపంచంలో ఉన్నవన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ చాలా అంచనాల్లో 50 కోట్ల టన్నుల లోపే. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి, సిమెంటు చేసి మనం వదిలేది ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నులు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలింది. గత శతాబ్దంలోని అతి పెద్ద పేలుళ్ళలో అదొకటి. దాన్నుంచి వచ్చింది దాదాపు 5 కోట్ల టన్నులు. ఇప్పటి మన వేగంతో చూస్తే అది ఒక పూట పని. పైగా అది ఎగజిమ్మిన గంధకం ఎండను కొంత అడ్డుకోవడం వల్ల తర్వాతి ఏడాది భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. ఆ సంగతి మెసేజ్‌లో ఉండదు.

గాలిలో పెరుగుతున్నది ఎవరి కార్బనో గుర్తుపట్టే దారి కూడా ఉంది. బొగ్గు, చమురు ఒకప్పటి మొక్కలు, సూక్ష్మజీవుల నుంచి పుట్టినవి కాబట్టి వాటిలో కార్బన్-13 (మామూలు కార్బన్‌కంటే కాస్త బరువైన రకం) వాటా తక్కువ. అగ్నిపర్వతపు వాయువులో అంత తక్కువ ఉండదు. గాలిలో కార్బన్-13 వాటా ఏటా తగ్గుతూ వస్తోంది, అంటే కలుస్తున్నది బొగ్గు, చమురుల కార్బనే. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పాళ్ళు, ఇప్పుడు 420 దాటింది. ఆ మౌనా లోవా కూడా అగ్నిపర్వతమే!

ఊపిరి విషయం తొందరగా తేల్చేయవచ్చు. మనం వదిలే గాలిలోని కార్బన్ తిన్న తిండిలోంచి వచ్చింది. ఆ తిండి ఏదో ఒక మొక్క ఈమధ్యే గాలిలోంచి పీల్చి కట్టుకున్నది. అక్కడ తీసినదే అక్కడ పెడుతున్నాం. కోట్ల ఏళ్ళుగా భూమి లోపల ఉన్నదాన్ని తవ్వి కాల్చడం వేరే సంగతి.

ఇక కారు. దీనిమీద వాదన ఎక్కువ జరుగుతుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు 2.3 కిలోలు. ముప్పావు కిలోలోంచి రెండు కిలోల పైచిలుకు ఎలా వస్తుందంటే, పెట్రోలులోని ఒక్కో కార్బన్ పరమాణువు కాలేటప్పుడు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను వెంటబెట్టుకుంటుంది. కార్బన్ బరువు 12 అయితే ఆ రెంటి బరువు 32. అలా 40 లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 90 కిలోల వాయువు పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కంటికి కనబడదు కాబట్టి మనకు పట్టదు.

కరెంటు కారు తయారయ్యేటప్పుడు, ముఖ్యంగా బ్యాటరీ వల్ల, పెట్రోలు కారుకంటే ఎక్కువ కార్బన్ వెలువడుతుంది. మెసేజ్ ఇక్కడిదాకా నిజమే చెప్పి ఆపేసింది. రోడ్డెక్కాక కథ మారుతుంది. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది ఇంచుమించు పావు వంతు, మిగతాదంతా వేడిగా పోతుంది. కరెంటు కారులో ముప్పావు వంతుకు పైగానే చక్రాలకు అందుతుంది. అందుకే తయారీలో పడిన భారం చాలా దేశాల్లో రెండు మూడేళ్ళ వాడకంలో తీరిపోతుంది. కరెంటంతా బొగ్గు నుంచే వచ్చే చోట ఆలస్యమవుతుంది, లాభమూ తగ్గుతుంది. అయితే ఏటేటా కరెంటు శుభ్రపడుతుంటే పాత కరెంటు కారు కూడా దానితోపాటే శుభ్రపడుతుంది. పెట్రోలు కారుకు ఆ అవకాశం లేదు. రెండున్నర టన్నుల కరెంటు కారులో ఒక్కడే కూర్చుని తిరగడం గొప్ప పర్యావరణ సేవ అని మాత్రం నేను అనను. బస్సు, రైలు, సైకిలు, నడక దానికంటే ఎప్పుడూ మెరుగే.

సోలార్ ప్యానెల్ మీద ఆరోపణ కొన్ని దశాబ్దాల కిందట అయితే కాస్త చెల్లేదేమో. ఇప్పటి ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని, ఎండను బట్టి, ఏడాది రెండేళ్ళలో తిరిగిచ్చేస్తుంది. పనిచేసేది 25 ఏళ్ళకు పైనే. తయారీతో సహా లెక్కేసినా యూనిట్ కరెంటుకు సోలార్‌తో 50 గ్రాముల లోపు, గాలిమరతో 12 గ్రాముల అటూఇటూ, బొగ్గుతో 800 గ్రాములకు పైగా వెలువడుతుంది. నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పొద్దు గూకాక ఏం చేయాలి? దానికి నిల్వ కావాలి, దూరాలకు లైన్లు కావాలి, జలవిద్యుత్తో అణువిద్యుత్తో తోడుండాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పనే. మెసేజ్ రాసినవాళ్ళు ఈ ప్రశ్న అడిగుంటే బాగుండేది.

చెట్ల మాటకొస్తే, నాటొద్దని ఎవరూ అనరు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి, జాతిని, నేలను బట్టి, సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందనుకుందాం. మన 3,700 కోట్ల టన్నులకు 1,85,000 కోట్ల చెట్లు కావాలి. 2015 నాటి అంచనా ప్రకారం భూమ్మీద ఉన్న చెట్లన్నీ కలిపి 3 లక్షల కోట్లు. అంటే ఉన్నవి కాక ఇంకో సగానికి పైగా కొత్తగా పెంచాలి, అవి ఎదిగేదాకా ఆగాలి, కాలిపోకుండా కాపాడాలి. ఎదుగుదల ఆగాక పీల్చుకోవడం కూడా మందగిస్తుంది. ఈలోగా అడవులు నరకడం వంటి వాటివల్ల వెలువడేది మొత్తంలో పదో వంతు దాకా ఉంది. మొక్క పాతి ఫొటో దిగడంకంటే ఉన్న అడవిని నరక్కుండా ఆపడం ముందు జరగాల్సిన పని.

మిగిలింది ‘అంతా వ్యాపారం’ అన్న మాట. వ్యాపారమే, ఎవరు కాదన్నారు? బొగ్గు, చమురు మాత్రం ధర్మసత్రాలా? 2012లో బ్రిటన్ కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. 2024 సెప్టెంబరులో వాళ్ళు చివరి బొగ్గు కరెంటు కేంద్రాన్ని మూసేశారు. కొన్ని ఫ్యాక్టరీలు బయటి దేశాలకు తరలిపోవడం వల్ల కూడా అక్కడి ఉద్గారాలు తగ్గాయి, అది ఒప్పుకోవాలి. కానీ కరెంటు విషయంలో ఆ వంక చెల్లదు.

కష్టమైనవి ఇంకా ఉన్నాయి. సిమెంటు కోసం సున్నపురాయిని కాలిస్తే, స్వచ్ఛమైన రాయైతే 100 కిలోలకు 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అది రాయిలోంచే వచ్చేది కాబట్టి పొయ్యిలో ఇంధనం మార్చినంత మాత్రాన ఆగదు. బొగ్గు బూడిద, ఇనుము తయారీలో మిగిలే స్లాగ్, కాల్చిన బంకమన్ను కలిపి క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు) వాడకం తగ్గించడం ఇప్పటికే నడుస్తున్న పద్ధతి. తేలికైనవీ ఉన్నాయి. గ్యాస్ బావులు, పైపులైన్ల నుంచి కారిపోయే మీథేన్ 20 ఏళ్ళ లెక్కలో అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడెక్కిస్తుంది, కానీ పన్నెండేళ్ళకు అటూఇటూ గాలిలోంచి పోతుంది. అందుకే దాన్ని ఆపితే ఫలితం త్వరగా కనిపిస్తుంది. వాల్వులు బిగించి, లీకులు వెతికి పట్టుకున్న గ్యాస్‌ను అమ్ముకోవచ్చు కాబట్టి చాలాచోట్ల ఆ ఖర్చు తిరిగొస్తుంది కూడా.