పాప మట్టిలో కూర్చుంటే తప్పేంటి అంకుల్?

ఇప్పుడే కిందనుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది.

మా పాపకి 14వ నెల. పొద్దున ఏడింటికి బ్లాక్ వెనక పారిజాతం చెట్టు కింద దించాను. రాత్రి రాలిన పూలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. రెండు వేళ్లతో ఆ నారింజ రంగు కాడ పట్టుకుని, ఒక్కో పువ్వూ ఎత్తి నా అరచేతిలో పెట్టి, మళ్లీ ఇంకోదాని కోసం వంగుతోంది. అప్పుడొచ్చారు మా అసోసియేషన్ అంకుల్. "ఏందమ్మా, గట్ల మట్టిల కూసోబెట్టినవ్? జలుబు చేస్తది. పైకి తీస్కపొయ్యి ఫోన్ల ఏమన్న పెట్టు, కుదురుగ ఉంటది."

ఏడాది బిడ్డకి ఫోనా! ఆ వయసుకి స్క్రీన్ అసలు వద్దనీ, రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదలాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మూడు గంటలు! సోఫాకీ టీవీకీ మధ్య ఎంతని కదులుతుంది? జలుబు మట్టితో రాదు, వైరస్‌తో వస్తుంది. తుమ్మిన చేత్తోనే బుగ్గలు గిల్లే పెద్దవాళ్లతో వస్తుంది.

వానలు తగ్గి, చలి ఇంకా ముదరని ఈ ఆశ్వయుజ కార్తీకాల్లో కాకపోతే పిల్లల్ని ఇంకెప్పుడు బయటికి తేవాలి? నెట్‌లో వెతికితే అన్నీ ఎర్రటి మేపుల్ ఆకుల కుప్పలే. మనకి ఆకులు రాలేది శిశిరంలో. శరత్తులో మనకున్నవి పూలు. బంతి రేకులు తుంచి గిన్నెలో వెయ్యనివ్వండి, గునుగు పువ్వుతో అరచేయి నిమరండి, గడ్డి మీద ఒట్టి కాళ్లతో నడవనివ్వండి. స్టీలు గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు, ఒక గ్లాసు ఇస్తే మా పాపకి అరగంట తెలీదు. మనం మాత్రం పక్కనుంచి లేవకూడదు, ఆ కాసిని నీళ్లూ ప్రమాదమే. ఆట అవ్వగానే ఒంపెయ్యాలి.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గేటు పక్కన వరసగా గన్నేరు నాటారు, ఆకు నుంచి గింజ దాకా విషం. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు ఇది! సెల్లార్‌లో వాన నీళ్లు నిలిచే ఉన్నాయి, డెంగీ దోమ పగలే కుడుతుంది. గ్రూపులో మూడుసార్లు మెసేజ్ పెట్టాను. ఒక్కరూ పలకలేదు.

ఎలా పలుకుతారు? ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోచర్‌లో ఇసుక గుంట ఉంది, ఉయ్యాల ఉంది. రెండేళ్లు తిరక్కుండా ఇసుక తీసేసి, టైల్స్ పరిచి, విజిటర్స్ పార్కింగ్ అని రాశారు. మీటింగ్‌లో అడిగితే "పిల్లలు ఎంతమంది ఉన్నరమ్మా" అన్నారు. ఏడో నెల కడుపుతో నిలబడి అడిగాను ఆ రోజు. కుర్చీ కూడా జరపలేదెవరూ. ఇప్పుడు కాస్త గడ్డి కోసం ఆదివారాలు ఆటో ఎక్కి కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి పోతున్నాం.

రేపు పొద్దున మళ్లీ ఆ చెట్టు కిందే ఉంటాం. పాపని ఎత్తుకుని లేస్తుంటే చూశాను, చెట్టు మొదలుకి జానెడు దూరంలో సున్నంతో కొత్తగా గీత గీసి ఉంది. సరిగ్గా ఒక కారు పట్టేంత.