తుప్పుకు కాపలా

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆ సామెతను పాడుబడిన గని ఊళ్లకు కూడా వర్తింపజేసి, జీతాలిచ్చి మరీ అమలు చేస్తున్న పుణ్యాత్ములు అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ఉన్నారు. కాలిఫోర్నియాలోని బోడీని చూడండి. వేల మంది గని కార్మికులతో కిటకిటలాడిన రోజుల్లో అది తాగుడుకూ తుపాకులకూ పేరుమోసిన ఊరు. జనమంతా వెళ్లిపోయాక, 1962లో, చారిత్రక పార్కు అయింది. గౌరవం పొందడానికి ఆ ఊరు చేయవలసిందల్లా ఖాళీ కావడమే.

పేరు తెచ్చిపెట్టిన పెద్దమనిషి గతీ అంతే. డబ్ల్యూ. ఎస్. బోడీ 1859లో అక్కడ బంగారం కనిపెట్టి, ఆ ఏడాదే మంచుతుఫానులో చిక్కి చనిపోయాడు. ఊరు వెలిగింది దాదాపు ఇరవై ఏళ్ల తరువాత. అదీ ఆయన పేరును తప్పు స్పెల్లింగుతో పెట్టుకుని. (తెలుగులో రాస్తే ఆ తప్పు కనిపించదు. మన లిపికి దయ ఎక్కువ.)

ఆ ఊరిని కాపాడే విధానం మాత్రం మహత్తరమైనది. కప్పు కారకూడదు, గోడ కూలకూడదు. అలాగని కొత్తగానూ కనిపించకూడదు. వంగిన గోడ ఇంకాస్త వంగకుండా, పొరపాటున నిటారుగా నిలబడకుండా చూసుకోవాలి. లోపలి సామాను మీద దుమ్ము అలాగే ఉండాలి. సంసారాలూ ప్రభుత్వాలూ నడిపేవారందరికీ తెలిసిన విద్యే ఇది. కాకపోతే దాన్ని విధానమని బాహాటంగా ఒప్పుకున్నది బోడీవారే.

ఇక దొంగతనం సంగతి. అక్కడ తుప్పు మేకు ఏరుకోవడం కూడా నేరమే. అయినా ఏరుకునేవారు ఏరుకుంటారు. అప్పుడు శాపం రంగంలోకి దిగుతుంది. బోడీ వస్తువు పట్టుకెళ్తే కష్టాలు చుట్టుకుంటాయని ప్రచారం. దాన్ని పార్కు సిబ్బందే పుట్టించారనీ అంటారు. ఏమైతేనేం, క్షమాపణ ఉత్తరాలతో సహా వస్తువులు పోస్టులో తిరిగివస్తున్నాయి. చట్టానికి రాని భయం శాపానికి వచ్చిందంటే, శాసనసభలు ఏ శాఖను బలోపేతం చేయాలో వేరే చెప్పాలా?

నెవాడాలోని రయొలైట్‌ది మరో తమాషా. 1904లో బంగారం దొరికింది, 1908 నాటికి మూడంతస్తుల కాంక్రీటు బ్యాంకు లేచింది. రెండేళ్లలో బ్యాంకు మూతపడింది. ఇప్పుడు మిగిలినవి ఆకాశాన్ని చూసే కిటికీలు. అదే ఊళ్లో 1906లో ఒక వృద్ధుడు దాదాపు 50,000 ఖాళీ సీసాలను మట్టితో పేర్చి కట్టిన ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. నిజమే, 1925లో ఒక సినిమా కంపెనీ దానికి మరమ్మతు చేయించింది. అయినా ఆ బ్యాంకును బాగుచేద్దామని ఏ సినిమావారికీ తోచలేదు కదా.

ఇలాంటి ఊళ్లు చూడవచ్చేవారిలో పాత గని యంత్రాల భక్తులది ప్రత్యేక శాఖ. ఖనిజాన్ని దంచే మిల్లులో ఇనుప రోకళ్లు రేయింబవళ్లు లేచిపడేవి. పిండి అయిన రాయి పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారితే బంగారం అక్కడ అంటుకునేది. ఆ మోత సాగినంతకాలం చెవులు మూసుకున్న మానవజాతి, అది ఆగాక వచ్చి ఆ రోకలిని తడిమి కన్నీరు పెట్టుకుంటోంది. పక్కన పడివున్న రేకు డబ్బాలదీ రాజయోగమే. అమెరికా ప్రభుత్వ భూముల్లో 50 ఏళ్లు దాటిన చెత్తను సాధారణంగా చారిత్రక అవశేషం కింద లెక్కగడతారు. నిన్న మీరు పారేసిన డబ్బాకు లోపమేమీ లేదు, వయసు చాలలేదంతే.

గనుల్లోకి మాత్రం దూరకండి. ఇది హాస్యం కాదు. ప్రాణవాయువు లేని సొరంగాలు, కుళ్లిన దుంగలు, నైట్రోగ్లిజరిన్ చెమర్చే పాత డైనమైట్, చీకట్లో కనిపించని బావులు, అన్నీ అక్కడ సిద్ధంగా ఉంటాయి. అందుకే చాలా గని ముఖద్వారాలకు ఇనుప ఊచలు బిగించారు. గబ్బిలం దూరేంత సందు ఉంచి, మనిషికి మాత్రం లేకుండా చేశారు. వివక్ష అని కొందరు గొణుగుతారు గానీ, ఇంతవరకు ఏ గబ్బిలమూ మేకు ఎత్తుకుపోయి క్షమాపణ ఉత్తరం రాసిన దాఖలా లేదు.