జాగ్వార్‌ని పులి అనొచ్చా?

1492 తర్వాత అమెరికా తీరాలు చేరిన స్పెయిన్ వాళ్లకు కంటపడిన ప్రతిదానికీ పేరు కావాల్సొచ్చింది. తమ పాత మాటలతో సర్దుకోవాలా, అక్కడివాళ్ల మాటలే తీసుకోవాలా? స్పానిష్ నేర్చుకుంటున్న అక్కాతమ్ముళ్లకు దీనిమీదే పేచీ.

తమ్ముడు: జాగ్వార్‌ని ‘తిగ్రె’ అన్నారు, అంటే పులి. ప్యూమాని ‘లెయోన్’ అన్నారు, అంటే సింహం. జూలు లేని సింహమేంటక్కా?

అక్క: అడవిలో ఎదురుపడితే అరవడానికి ఆ మాట చాలదా? బ్యూనస్ ఐరిస్ దగ్గర తిగ్రె అనే ఊరే ఉంది. జాగ్వార్ల వల్ల వచ్చిన పేరే. నిలబడిందిగా!

తమ్ముడు: నిలబడితే సరైనదైపోతుందా? టర్కీ కోడిని ‘పావో’ అన్నారు. అప్పటిదాకా అది నెమలి పేరు. చివరికి నెమలిని ‘పావో రెయాల్’, అంటే రాజ పావో, అనాల్సొచ్చింది. కొత్త పక్షి వచ్చి పాతదాని పేరు లాక్కుంది! మెక్సికో వాళ్లు నయం, నహువాత్ల్ భాష నుంచి వచ్చిన ‘గ్వాహొలోతె’ అనే ఇప్పటికీ అంటారు.

అక్క: స్పెయిన్‌లోని సెవిల్లె నగరంలో కూర్చుని ఉత్తరం చదివేవాడికి గ్వాహొలోతె అంటే ఏం బోధపడుతుంది? అనాసను ‘పిన్యా’ అన్నారు, అంటే పైన్ చెట్టు కాయ. వినగానే ఆకారం తెలిసిపోతుంది. అంతెందుకు, మిరపకాయకు మనవాళ్లు మిరియం నుంచే పేరు అల్లలేదా? వాళ్లూ అంతే: మిరియం ‘పిమియెంతా’, మిరప ‘పిమియెంతో’.

తమ్ముడు: మరి అనాస? పోర్చుగీసు వాళ్ల వెంట దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మాటేగా! కొలంబస్ సంగతే చూడు. 1492 అక్టోబరులో దీవులవాళ్ల పడవల్ని ముందు తనకు తెలిసిన ‘అల్మదీయా’ అనే మాటతోనే రాసుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండా వాళ్ల మాట ‘కనోవా’కి వచ్చేశాడు. ఒకే మాను తొలిచి చేసిన పడవ మరి! 1495 ప్రాంతంలో నెబ్రిహా అనే స్పెయిన్ భాషా పండితుడు ఆ మాటను తన నిఘంటువులోకి కూడా ఎక్కించాడు.

అక్క: సరే, పడవ నీకే వదిలేశా. ఒంటె జాతికి చెందిన ఆ లామా జంతువు సంగతేంటి? పెరూలో దాన్ని ‘ఈ నేల పొట్టేలు’ అని రాశారు. నువ్వైతే రాజుగారికి ఏమని రాస్తావు?

తమ్ముడు: లామా అనే రాస్తా. పక్కన బొమ్మ గీస్తా.

అక్క: ఆ బొమ్మ చూసి ఆయన, “ఈ పొట్టేలుకి మెడేంటి ఇంత పొడుగుంది?” అంటాడు!