బెత్తెడు మండపం

నేను ఓడలో పని చేస్తానని తెలిస్తే చుట్టాలు మొదట అడిగేది వంజరం గురించే. "మీకు చేపలు ఊరికే వస్తాయి కదా?" అని. మాది చేపలు పట్టే ఓడ కాదండీ, సముద్రం మీద పరిశోధన చేసే ఓడ అంటే, "మరేం పడతారు?" అంటారు. నీళ్ళు పడతాం. ఈ మాట చెప్పాక నా పరువు నిలిచిన సందర్భం ఒక్కటీ లేదు. మద్రాసులో నీళ్ళు పట్టడానికి ఓడెందుకు, బిందె పుచ్చుకుని లారీ దగ్గర నిలబడితే చాలదా అని మా మామగారు పది మందిలో అననే అన్నారు.

మేం పట్టే తీరు వేరు. పెద్ద స్టీలు చట్రం, అందులో గ్యాసు బండలు గుండ్రంగా నిలబెట్టినట్టు 24 బూడిదరంగు సీసాలు. వాటి కింద సీటీడీ అనే పరికరం. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతోంది, వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని కొలిచి, వేలాడదీసిన కేబుల్లోంచే పైకి పంపుతుంది. మొదటిదాన్ని బట్టి ఉప్పు లెక్క, చివరిదాన్ని బట్టి లోతు లెక్క. సీసాలను నిస్కిన్ సీసాలంటారు. షేల్ నిస్కిన్ అనే ఆయన 1966లో వాటికి పేటెంట్ తీసుకున్నాడు. దిగేటప్పుడు పైమూత, కిందమూత రెండూ తెరిచే ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు కావలసిన లోతులో ఆపి కంప్యూటర్లో నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, లోపలి రబ్బరు లాగేస్తుంది, మూతలు ఠప్పున పడతాయి. డెక్కు మీద ఆ మూతలు తెరిచి కొక్కేలకు తగిలించే డ్యూటీ నాది. నా చూపుడువేలి గోరు ఎందుకు నల్లగా ఉందో ఇక అడగక్కర్లేదు.

వీటికి ముందు నాన్సెన్ సీసాలుండేవి. ఆ నాన్సెన్‌గారికి 1922లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సీసాలకు కాదు లెండి, శరణార్థులకు చేసిన సేవకు. సముద్రంలోకి సీసాలు దింపితే శాంతి రాదని మాత్రం నేను సొంత అనుభవం మీద చెప్పగలను.

మా వృత్తిలో ఒక చిన్న సరదా ఉంది. సీటీడీ లోతుకి దిగేటప్పుడు దానికి ఒక వల సంచీ కట్టి, అందులో థర్మకోల్ కప్పులు వేస్తాం. పది మీటర్లు దిగితే చాలు, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా నీటిది పడుతుంది. 2,800 మీటర్లంటే అలాంటివి 280. థర్మకోల్‌లో ఉన్నదంతా గాలే కాబట్టి అది నలిగిపోయి, కాఫీ కప్పు కాస్తా ఉగ్గుగిన్నె అయి తిరిగొస్తుంది. కప్పు మీద రాసిన పేరు, వేసిన పువ్వు అన్నీ అలాగే ఉంటాయి, చీమలు రాసుకున్నంత చిన్నగా.

సంగతి తెలిసి మా పాప క్లాసులో పిల్లలందరూ కప్పుల మీద బొమ్మలు వేసి పంపారు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఆ కప్పులు నిషేధం. మా ఆవిడ సీమంతం నాటివి అటక మీద మిగిలి ఉండబట్టి సరిపోయింది.

అదే వారం మా అత్తగారు ఒంగోలు నుంచి దిగారు, దసరా బొమ్మల కొలువు కోసం. వస్తూనే మా కొత్త టీవీ అట్టపెట్టెలోంచి థర్మకోల్ లాగి, కూరలు తరిగే కత్తితో పది రోజులు కూర్చుని చెక్కారు. జానెడున్నర ఎత్తు మండపం. నాలుగు స్తంభాలు, స్తంభానికో ఏనుగు, పైన మూడంతస్తుల గోపురం, దాని మీద చాక్లెట్ కాగితంతో చేసిన బంగారు కలశం. నిజం చెప్పొద్దూ, గొప్పగా కుదిరింది. అక్కడితో ఊరుకోవచ్చుగా.

"అల్లుడుగారూ, ఓడలో సాయంత్రాలు ఖాళీయే కదా. దీనికి కాస్త రంగు లైట్లు బిగించి పట్టుకురండి."

అల్లుడు ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన పాపానికి నోరెత్తలేదు. తెల్లారి నాలుగింటికి వేళచ్చేరిలో ఆటో ఎక్కాను, ఒళ్ళో మండపం, పక్కన కప్పుల సంచీ. హార్బరు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మండపాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

బయల్దేరిన మూడో రోజు పెద్ద లోతు వచ్చింది. కప్పులు ఒకదాంట్లో ఒకటి దూరకుండా, వంకర పోకుండా ముందు రాత్రే లోపల టిష్యూ పేపరు కుక్కి పెట్టాను. నేను సీసాలతో కుస్తీ పడుతూ, "నా కేబిన్‌లో కప్పులున్నాయి, వలలో వేసి కట్టెయ్యి తమ్ముడూ" అని తూత్తుకుడి కుర్రాడికి చెప్పాను. కట్టేశానన్నాడు. విన్చ్ తిరిగింది.

ల్యాబ్‌లో కూర్చుని తెర మీద గీత చూస్తున్నాను. పైన 29 డిగ్రీలున్న నీళ్ళు కిందికి పోయేకొద్దీ ఫ్రిజ్ నీళ్ళయ్యాయి. ఉప్పు మాత్రం పైనే తక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతం కదా. కుర్రాడు టీ తెచ్చాడు.

"సార్, గుడి ఒక వలలో పట్టలేదు. రెండు వలలు కలిపి కుట్టాను."

"ఏ గుడి?"

"మీ మంచం మీద ఉందే సార్, లైట్ల గుడి. చిన్నవే అంత చిన్నగా వస్తే పెద్దది ఇంకా బాగుంటుంది కదా అని."

తెర మీద లోతు 2,150. చీఫ్ సైంటిస్టు దగ్గరికి పరుగెత్తి "మా అత్తగారి మండపం దిగిపోతోంది, ఆపండి" అందామనుకున్నాను. ఆయన ఆపినా చేసేదేం లేదు. మొదటి కొన్ని వందల మీటర్లలోనే దాని పని అయిపోయి ఉంటుంది. టీ చల్లారేదాకా అలా కూర్చున్నాను. ఆ తర్వాత సీసా సీసాకీ ఆగుతూ అది పైకి రావడానికి పట్టిన సమయం నా పెళ్ళి ముహూర్తం రాత్రి కూడా పట్టలేదు.

వచ్చింది. కప్పులు ముద్దుగా వచ్చాయి. మండపం బెత్తెడు వచ్చింది. స్తంభాలు చాక్‌పీసులంత, ఏనుగులు చింతగింజలంత, తొండాలతో సహా. అన్నీ తగ్గాయి గాని నేను బిగించిన లైట్లు, వైరు తగ్గలేదు. దాంతో మండపం చుట్టూ నూడుల్స్ పొర్లుతున్నట్టుంది. కలశం కాగితం కూడా తగ్గక గోపురానికి గొడుగులా నిలిచింది.

"సూపర్‌గా వచ్చింది సార్" అన్నాడు కుర్రాడు.

ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "మండపమేది?" అన్నారు. ఇదే అన్నాను. ఒత్తిడి, లోతు అన్నీ విడమరిచి చెప్పాను. అంతా విని, "నొక్కితే తగ్గింది కదా, పైకి తెచ్చాక మళ్ళీ ఉబ్బాలి కదండీ?" అన్నారు. బాగా చదువుకున్నవాళ్ళు కూడా అడగని ప్రశ్న. లోపలి బుడగల గోడలు చితికిపోతే ఇక లేవవండీ అన్నాను. ఆవిడకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళితే ఇడ్లీ పాత్రలోంచి వాసన తేడాగా వస్తోంది. మూత తీస్తే పై రేకులో మండపం. ఆలోచన మరీ తప్పేమీ కాదు, ఫ్యాక్టరీలో థర్మకోల్ గింజలను ఉబ్బించేది ఆవిరితోనే. అయితే ఆ గింజల్లో ఉబ్బించే వాయువు ఉంటుంది, ఇందులో అది ఎప్పుడో పోయింది. పావుగంట ఆవిరికి మండపం ఉబ్బలేదు, మెత్తబడి ఎడమ పక్కకి ఒరిగింది. ఆ రోజు మాకు ఉప్మా.

ఉబ్బనిదాన్ని అత్తగారు పారేయలేదు. కొలువులో మూడో మెట్టు మీద పెట్టి, అందులో పట్టాల్సిన జానెడు వెంకటేశ్వరస్వామిని పక్కన నిలబెట్టారు. స్వామి గుడి కొనుక్కోవడానికి వచ్చి బేరమాడుతున్నట్టుంది. పేరంటానికి వచ్చిన పక్కింటి మామి ఏనుగుల తొండాలు చూసి, మైలాపూరు మాడవీధిలో ఎంతకు కొన్నారని అడిగింది.

"కొన్నది కాదు, మా అల్లుడుగారు సముద్రంలో దింపి చేయించారు. మూడు వేల మీటర్ల లోతు!" అన్నారు అత్తగారు, శనగలు పొట్లం కడుతూ.

"రెండు వేల ఎనిమిది వందలు అమ్మమ్మా" అంది పాప.

"నువ్వూరుకోవే."

మర్నాడు వచ్చినవాళ్ళకు మూడున్నర వేలని చెప్పారు. దుర్గాష్టమికి నాలుగున్నర. నవమి సాయంత్రానికి మండపం ఐదు వేల మీటర్లకు చేరింది. బంగాళాఖాతంలో అంత లోతు ఎక్కడా లేదు. శనగల పళ్ళెం పట్టుకుని నేనక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు.