గుండె చప్పుడు సరే, మనసు సంగతేంటి?

ఈ మధ్య ఇమ్మర్సివ్ ఆర్ట్ షో అంటే చాలు, మీ ఎమోషన్‌ని బట్టి బొమ్మ మారిపోతుందని ఊదరగొడుతున్నారు. చుట్టూ గోడలన్నీ స్క్రీన్లే, నవ్వితే పసుపు ఎరుపు పొంగుకొస్తాయి, దిగులుగా నిలబడితే నీలం కమ్ముకుంటుంది, అంతా ఏఐ అప్పటికప్పుడు గీసేస్తుంది. బాగానే ఉంది కానీ ఆ మెషిన్ నిజంగా చూసేదేంటి? పెదవి ఎంత సాగింది, కనుబొమ్మ ఎంత ముడిపడింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, వేలికి ఎంత చెమట పట్టింది, అంతేగా. దాని మీద సంతోషం, భయం అని లేబుల్ అంటించడం నేర్పింది మళ్లీ మనుషులే. మనకేమో ఏడవలేక నవ్వడం అని ఓ మాటే ఉంది, ఆ నవ్వుకి ఏ రంగేస్తుంది పాపం?

ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు సైంటిస్టులు అప్పటిదాకా వచ్చిన స్టడీలు తిరగేసి, మొహం చూసి లోపలి ఫీలింగ్‌ని నమ్మకంగా చెప్పలేం అన్నారు, 2022లో మైక్రోసాఫ్ట్ కూడా మొహాల్ని గుర్తుపట్టే తన ఫేస్ సర్వీస్‌లో ఎమోషన్ పసిగట్టే ఫీచర్ తీసేస్తున్నానంది. యూరప్ ఏఐ చట్టం అయితే వైద్యం, సేఫ్టీ అవసరాలకి తప్ప ఆఫీసుల్లో, స్కూళ్లలో ఇలాంటివాటిని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించేసింది. గ్యాలరీలకి ఆ నిషేధం వర్తించదు, చూసేవాళ్లకి ముందే చెప్పాలన్న రూల్ మాత్రం పెట్టారు.

నాకు నచ్చిన దారి వేరే ఉంది. రఫాయెల్ లోజానో-హెమ్మర్ అనే ఆర్టిస్ట్ 2006లో 'పల్స్ రూమ్' అనే షో చేశాడు, అందులో ఏఐ లేదు, గదినిండా వేలాడే మామూలు బల్బులు, అంతే. సెన్సర్ పట్టుకుంటే దగ్గరున్న బల్బు మీ నాడితో పాటే కొట్టుకుంటుంది, వదిలేస్తే లైట్లన్నీ ఒక్క క్షణం ఆరి మీ నాడి పక్క బల్బులోకి జరుగుతుంది, మీ ముందు వచ్చినవాళ్లవి ఇంకో అడుగు వెనక్కి పోతాయి. మీరు బాధలో ఉన్నారని అది ఎక్కడా అనదు. ఎవరివో తెలియని గుండెల మధ్య మీది కూడా ఒకటి మిణుకుమంటుంది, ఏమనిపించిందో మీ ఇష్టానికే వదిలేస్తుంది.

ఎమోషన్ చదివేస్తానన్న గోడ ముందు అలా కాదు. ఏ మొహం పెడితే ఏ రంగొస్తుందో కాసేపటికే పట్టేస్తాం కదా, ఇక బొమ్మ చూడటం మానేసి ఒకళ్లు పళ్లికిలిస్తారు, ఒకళ్లు మూతి ముడుస్తారు, పక్కనోళ్లు వీడియో తీస్తుంటారు.