పది నిమిషాల్లో ఈటీఏ: ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. మొన్న మా పెద్దమ్మ కూడా పంపి, "ఇది నిజమేనారా, మేమిద్దరం కూడా పెట్టుకుందామా?" అని అడిగింది. ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది. అడక్కుండా డబ్బు కట్టేసేవాళ్ల సంగతి తలచుకుంటేనే కోపం వస్తోంది.

ఆ మెసేజ్ చెప్పేది ఇదీ. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే చాలు, అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, శ్రీలంక, కెన్యా, థాయ్‌లాండ్... ఎక్కడికైనా ఇప్పుడు వీసా అక్కర్లేదట, ఆన్‌లైన్‌లో ఈటీఏ (ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్, అంటే వీసా బదులు ఇచ్చే ప్రయాణ అనుమతి) పెడితే పది నిమిషాల్లో వచ్చేస్తుందట. ప్రభుత్వ సైట్లు పనిచేయవు కాబట్టి కింద ఇచ్చిన లింకులోనే కట్టాలట. పేరులో తప్పులుంటే ఎయిర్‌పోర్టులో సరిచేస్తారట. ఇంతకుముందు ఏదైనా వీసా రిజెక్ట్ అయి ఉంటే "నో" అని టిక్ పెట్టాలట, వాళ్లకు తెలిసే అవకాశమే లేదట. ఈటీఏ చేతికొచ్చాక ఇంకెవరూ ఆపరట. మంగళవారం అప్లై చేయకూడదట, ఫోటోకి బొట్టు తీసేయాలట. చివర్లో మామూలే, పదిమందికి పంపండి.

మంగళవారం, బొట్టు సంగతులు వదిలేయండి. ముఖం స్పష్టంగా కనిపిస్తే చాలు, బొట్టుతో ఎవరికీ పేచీ లేదు.

ఎక్కడికైనా ఈటీఏ అన్నది అబద్ధం. అది దొరుకుతుందా లేదా అన్నది చేతిలో ఏ దేశం పాస్‌పోర్ట్ ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. బ్రిటన్ ఈటీఏ, అమెరికా ఎస్టా (అదీ ఈటీఏ లాంటిదే), కెనడా ఈటీఏ, ఆస్ట్రేలియా ఈటీఏ, ఈ నాలుగింటికీ ఆయా దేశాలు ఎంచుకున్న జాబితాలు ఉన్నాయి. వాటిలో మన పాస్‌పోర్ట్ లేదు. మనకు వీసానే. యూరప్ కోసం తెస్తున్న ఎటియాస్ అనే ఇలాంటి అనుమతి కూడా అంతే, మనవాళ్లకు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) తప్పదు.

మరి ఈ మాట ఎక్కడ పుట్టింది? నా అంచనా ప్రకారం మన ఇళ్లలోనే. డాలస్‌లో ఉన్న అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చి ఉంటుంది. 2025 జనవరి 8 నుంచి అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు బ్రిటన్ వెళ్లాలంటే ఈటీఏ తీసుకోవాలి. అతను ఫోన్‌లోనే అప్లై చేశాడు, వచ్చేసింది. "అమ్మా, లండన్‌కి ఈటీఏ చాలు" అని ఇంటికి చెప్పాడు. అతనికి చాలు. కూకట్‌పల్లిలో ఉన్న అమ్మానాన్నలకు చాలదు, వాళ్లది ఇండియన్ పాస్‌పోర్ట్. కొడుకు ఈటీఏ కొడుక్కే, కోడలికి కూడా పనికిరాదు. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు రకాల కాగితాలు కావాల్సి రావచ్చు. ఇది ఎవరైనా చెప్పాలా?

మనకు నిజంగా వర్తించేవి వేరే ఉన్నాయి. శ్రీలంకకు 2012 నుంచి ఈటీఏ ఉంది. కెన్యా 2024 జనవరిలో వీసా తీసేసి దాని స్థానంలో ఈటీఏ పెట్టింది, మొదలైనప్పుడు ఫీజు 30 డాలర్లు. థాయ్‌లాండ్‌కి 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఈటీఏ కాదు, దిగడానికి ముందు మూడు రోజుల్లో ఇచ్చే వివరాల ఫారం, పైసా ఫీజు లేదు. మలేషియా, సింగపూర్ అరైవల్ కార్డులూ ఉచితమే. సింగపూర్‌కి మాత్రం ఆ కార్డుతో పాటు వీసా కూడా కావాలి. ఇలా ఉచితంగా ఇచ్చేదానికి కూడా ఆ లింకులో డబ్బు అడుగుతున్నారు.

ఇక ఆ లింకు. సైటు పేరులో "ఈటీఏ" అని ఉన్నంత మాత్రాన, పైన జాతీయ జెండా ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వానిది అయిపోదు. పేరు చివర చూడండి. శ్రీలంకది డాట్ గవ్ డాట్ ఎల్‌కే అని ముగుస్తుంది, కెన్యాది డాట్ గో డాట్ కేఈ అని, బ్రిటన్‌ది డాట్ గవ్ డాట్ యూకే అని. మధ్యలో ఎక్కడో "గవ్" అని దూర్చి చివర డాట్ కామ్ పెట్టినవి ప్రైవేటువాళ్లవి. గూగుల్‌లో వెతికినప్పుడు అన్నిటికంటే పైన కనిపించేవి చాలాసార్లు డబ్బు కట్టి పెట్టిన ప్రకటనలే. పోయేది నాలుగైదు వేలే కదా అనుకోకండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, కార్డు నంబరు, ముఖం ఫోటో అన్నీ ఒకేసారి ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెడుతున్నారు. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, పాస్‌పోర్ట్ కాపీని వెనక్కి తెచ్చుకోలేం.

పాత మెసేజ్‌లతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో శ్రీలంక ఈ ఆన్‌లైన్ వీసాల పనిని ఒక ప్రైవేటు కన్సార్టియంకి (కొన్ని కంపెనీల కూటమికి) అప్పగించింది. ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది, సెప్టెంబరులో పాత ఈటీఏ పద్ధతి తిరిగి వచ్చింది. ఆ మధ్యలో ఎవరో మంచి మనసుతో పంపిన లింకు కూడా ఈరోజు తప్పే. కాబట్టి గ్రూపులో వచ్చిన ఏ లింకూ వాడొద్దు, చివరికి నేను పంపినా సరే. బయల్దేరే ముందు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ సైటు మీరే తెరిచి చూసుకోండి.

ఇక్కడ మెసేజ్ రాసినవాడి మాట ఒకటి ఒప్పుకోవాలి. ప్రభుత్వ సైట్లు సతాయిస్తాయి. ఫోటో సైజు కొంచెం ఎక్కువైతే తీసుకోవు, మధ్యలో సెషన్ అయిపోతే మళ్లీ మొదటి నుంచి నింపాలి. మన డెబిట్ కార్డు చాలాసార్లు అక్కడ పనిచేయదు, ఎందుకంటే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు మనమే ఆన్ చేసుకోవాలి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన అది. ఇవన్నీ తెలియని అరవై ఏళ్ల మనిషి భయపడటం సహజం. అలాంటివాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి రెండు మూడు వందలిచ్చి నింపించుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది కష్టానికి కూలి. పక్కనే కూర్చుని ప్రతి జవాబూ మీరే చెప్పండి. ఈమెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి. వాళ్ల ఈమెయిల్ పెడితే అక్కడి నుంచి ఏదైనా ప్రశ్న వచ్చినా మీదాకా రాదు.

పేరు తప్పులు ఎయిర్‌పోర్టులో సరిచేస్తారా? ఎవరు సరిచేస్తారు? శంషాబాద్‌లో చెక్ఇన్ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కెన్యా ప్రభుత్వ రికార్డు ఎలా మారుస్తుంది? ఈటీఏ పాస్‌పోర్ట్ నంబరుతో ముడిపడి ఉంటుంది. ఒక్క అంకె తేడా ఉంటే అది మీది కానట్టే, పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుంటే ఈటీఏ కూడా కొత్తది తీసుకోవాలి. మన పాస్‌పోర్ట్ నంబరులో మొదటిది ఒక్కటే అక్షరం, తర్వాత ఏడూ అంకెలే. అక్కడ గుండ్రంగా కనిపించేది సున్నానే, ఓ కాదు. పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పాత పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. అలాంటప్పుడు పెళ్లి శుభలేఖలో రాసుకున్నట్టు కాకుండా పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే నింపాలి, ఖాళీ గడి గురించి ఆ సైటులో ఏం చెప్పారో చదవాలి. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్‌కి వచ్చేవాళ్లను రానివ్వబోమని చెప్పింది. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకండి.

అన్నిటికంటే నన్ను కాల్చేస్తున్నది ఆ "నో" టిక్కు.

ఏ దేశమైనా మీకు గతంలో వీసా నిరాకరించిందా అని ఇలాంటి ఫారాల్లో చాలావాటిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఎంతమంది పిల్లలకు నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయ్యుంటుందో లెక్కే లేదు. రెండు నిమిషాల ఇంటర్వ్యూ, చేతిలో ఒక కాగితం, అంతే. అది నేరం కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. అలా రిజెక్ట్ అయినవాళ్లు తర్వాత అదే దేశానికి, వేరే దేశాలకూ వెళ్లి బాగా చదువుకున్నారు. "అవును, ఫలానా సంవత్సరం నిరాకరించారు" అని రాస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోయే విషయం అది.

దాన్నే దాచిపెడితే? వీసా కోసం వేలిముద్రలు ఇచ్చారు కదా. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇమ్మిగ్రేషన్ సమాచారాన్ని ఒకరితో ఒకరు పంచుకునే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. వాళ్లకు తెలిసే అవకాశమే లేదని రాసినవాడికి ఈ సంగతి తెలియదా? తెలియకపోతే నోరు మూసుకోవాలి. తెలిసీ రాశాడంటే వాడు మన పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నాడు. దొరికితే కెనడా ఐదేళ్లు రానివ్వదు. బ్రిటన్ మోసం కింద లెక్కేసి పదేళ్ల వరకు నిషేధించగలదు. అమెరికా చట్టంలో ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినవాళ్లకు జీవితాంతం అనర్హత ఉంది, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప. మామూలు రిజెక్షన్ ఒక గీత, అబద్ధం కొండంత మచ్చ.

మా బంధువుల్లో ఒక అమ్మాయి ఫారం కన్సల్టెన్సీవాళ్లు నింపారు. అమెరికా రిజెక్షన్ గురించి ఆ పిల్ల వాళ్లకు చెప్పింది కూడా. "అది రాస్తే కేసు వీక్ అవుతుందమ్మా" అని వాళ్లే నో పెట్టారు, ఆమెకు చూపించలేదు. తర్వాత వచ్చిన ఉత్తరం మాత్రం ఆమె పేరు మీదే వచ్చింది. సంతకం మీది, ఫారం మీది, శిక్ష మీకే. ఏజెంటు చేశాడంటే ఏ దేశమూ ఒప్పుకోదు. ఆ ఇంట్లో ఎన్ని నెలలు టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను. అందుకే ఎవరైనా మీ తరఫున నింపితే, సబ్మిట్ చేసిన ఫారం కాపీ అడిగి తీసుకుని ప్రతి జవాబూ చదవండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి. దయచేసి మీ పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

ఈటీఏ వచ్చాక ఎవరూ ఆపరన్నదీ తప్పే. ఈటీఏ విమానం ఎక్కనిస్తుంది. లోపలికి పంపాలా వద్దా అన్నది అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారి ఇష్టం. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో డబ్బు చూపించమంటే చూపించాలి. కెన్యాకి సఫారీకని బయల్దేరేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. పది నిమిషాల ఈటీఏ అని ఊరించిన మెసేజ్‌లో ఈ పది రోజుల మాట ఎక్కడా లేదు.

ఇప్పటికే ఆ లింకులో డబ్బు కట్టినవాళ్లు ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పాస్‌పోర్ట్ కాపీ పంపి ఉంటే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయించండి. తర్వాత ఆ మెసేజ్ మీకు ఎవరు పంపారో వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు కూడా కట్టి ఉండొచ్చు.