ఇంచీలు, ఓమ్స్ కలిస్తే సరిపోతుందా? టవర్ స్పీకర్ల డ్రైవర్లపై తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పంపేవాళ్ళు పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళే, మంచి టవర్ స్పీకర్లు ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళే. "ఇది నిజమేనా?" అని ఒక్కరూ అడగరు. "భలే ఉపయోగపడేది, దాచుకో" అంటారు. ఎవరికి వారికి విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

చూడనివారి కోసం, మెసేజ్ సారాంశం ఇది. టవర్ స్పీకర్‌లో డ్రైవర్ (పెట్టెలో బిగించి ఉండే, సౌండ్ పుట్టించే గుండ్రటి యూనిట్) పోతే కంపెనీ చుట్టూ తిరగక్కర్లేదు. ఇంచీలు, ఓమ్స్ కలిస్తే ఏ బ్రాండుదైనా బిగించుకోవచ్చు, మల్టీమీటర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఓమ్స్ తక్కువైతే ఇంకా మంచిది, సౌండ్ పెరుగుతుంది. వాట్స్ ఎక్కువున్నదే తీసుకోండి. ఖరీదైన బ్రాండు ట్వీటర్ (సన్నటి స్వరాలు మోగించే చిన్న డ్రైవర్) పెడితే ఆ బ్రాండు సౌండే మీ ఇంట్లో మోగుతుంది. ఎలాగూ అన్ని కంపెనీలకూ డ్రైవర్లు చేసిపెట్టేది ఒకే ఫ్యాక్టరీలు. మొదట్లో తేడాగా వినిపించినా కొన్నాళ్ళు మోగితే అదే సర్దుకుంటుంది.

వాట్స్ సంగతి ముందు తేల్చేద్దాం. డ్రైవర్ మీద రాసిన వాట్స్, అది కాలిపోకుండా ఎంత పవర్ తట్టుకుంటుందో చెప్తాయి. ఎంత గట్టిగా, ఎంత బాగా మోగుతుందో చెప్పవు. ఊఫర్ అంటే బేస్ మోగించే పెద్ద డ్రైవర్; సెన్సిటివిటీ అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో (డీబీ) చెప్పే అంకె. 84 డీబీ సెన్సిటివిటీ ఉన్న 200 వాట్ల ఊఫర్ కంటే 90 డీబీ ఉన్న 80 వాట్ల ఊఫర్ అదే యాంప్ (యాంప్లిఫయర్) మీద గట్టిగా మోగుతుంది. ఆ 6 డీబీ తేడా పూడ్చాలంటే నాలుగు రెట్లు పవర్ పోయాలి.

ఇంచీలదీ అంతే. ఆరున్నర ఇంచీలు అనేది సుమారు కొలత. రెండు కంపెనీల ఆరున్నర ఇంచీల ఊఫర్లు పక్కపక్కన పెట్టి చూడండి, ఫ్రేమ్ వేరు, కటౌట్ వేరు, స్క్రూల వరస వేరు, వెనక మాగ్నెట్ లోతు వేరు. ఒకవేళ అచ్చుగుద్దినట్టు సరిపోయిందనుకోండి, రంధ్రం సరిపోయిందని తప్ప దానివల్ల ఇంకేమీ రుజువు కాలేదు.

ఇక ఓమ్స్. మెసేజ్ మొత్తం నిలబడింది దీనిమీదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

ఓమ్స్‌లో చెప్పేది ఇంపీడెన్స్, అంటే కరెంటుకు డ్రైవర్ ఇచ్చే అడ్డు. అది ఫ్రీక్వెన్సీతో పాటు మారుతూనే ఉంటుంది. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అడిగేదల్లా, డ్రైవర్ పనిచేసే రేంజ్‌లో అది రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి దిగకూడదని. 8 ఓమ్స్ అని రాసిన ఊఫర్ ఒకచోట 6.4కి దిగొచ్చు, రెజొనెన్స్ (డ్రైవర్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర 40 దాటిపోవచ్చు. ఇంకో కంపెనీ 8 ఓమ్స్ ఊఫర్‌కు ఆ ఎత్తుపల్లాలు పూర్తిగా వేరేచోట వస్తాయి. మల్టీమీటర్‌కు ఇవేవీ కనిపించవు. అది కొలిచేది వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) డీసీ రెసిస్టెన్స్. ముల్లు 6 దగ్గర ఆగితే కాయిల్ తెగలేదని తెలుస్తుంది, అంతకు మించి చెప్పే శక్తి ఆ మీటరుకు లేదు.

లెక్క వేసి చూద్దాం. రెండు ఊఫర్లున్నాయి, రెండిటి మీదా 8 ఓమ్స్ అనే రాసుంది, మల్టీమీటర్ రెండిటికీ 6 చూపిస్తోంది. మొదటిదాని వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అడ్డు పెంచే గుణం) 0.3 మిల్లీహెన్రీ, రెండోదానిది 0.9. రెండూ మామూలుగా దొరికే అంకెలే. క్రాసోవర్ (కింది స్వరాలను ఊఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు విడదీసే సర్క్యూట్) పనిచేసే 2,500 హెర్ట్జ్ దగ్గర ఈ అంకెలతో లెక్కిస్తే మొదటిది సుమారు ఏడున్నర ఓమ్స్, రెండోది 15 పైన. క్రాసోవర్ బోర్డు మీదున్న కాయిలూ కెపాసిటర్లూ మొదటిదాన్ని చూసి ఎంపిక చేసినవి. వాటి ముందు మీరు రెట్టింపు ఇంపీడెన్స్ పెట్టి "ఓమ్స్ కలిశాయి" అంటున్నారు.

"తక్కువైతే ఇంకా మంచిది" అన్న మాట దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్ళకు సౌండ్‌తో పాటు సామాను కూడా పోతుంది.

ముందు సౌండ్ సంగతి. లెక్క తేలిగ్గా ఉండటానికి అతి సాదా క్రాసోవర్ తీసుకుందాం. 8 ఓమ్స్ డ్రైవర్లు, 3,000 హెర్ట్జ్ దగ్గర విభజన. ట్వీటర్‌కు 6.6 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఊఫర్‌కు 0.42 మిల్లీహెన్రీ కాయిల్ వస్తాయి. ఇప్పుడు రెండిటి స్థానంలో 4 ఓమ్స్ డ్రైవర్లు పెట్టండి. అదే కెపాసిటర్ ట్వీటర్‌ను 6,000 హెర్ట్జ్‌కు ఎగదోస్తుంది, అదే కాయిల్ ఊఫర్‌ను 1,500కు దిగలాగుతుంది. రెండూ చెరోవైపు జరిగాయి, మధ్యలో రెండు ఆక్టేవ్‌ల (ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే ఒక ఆక్టేవ్) మేర గుంట పడింది. మనిషి చెవికి చురుకెక్కువ ఉండే చోటు సరిగ్గా అదే. హల్లులు స్పష్టంగా వినిపించేది అక్కడే, వయొలిన్ బో తీగ మీద గీసుకునే చప్పుడు వినిపించేదీ అక్కడే. అదంతా పల్చబడి, అడుగున బేస్, పైన సన్నటి మోత మిగులుతాయి. అసలు క్రాసోవర్లు ఇంతకంటే చిక్కుగా ఉంటాయి కాబట్టి వాటిలో చెడే తీరూ ఇంతకంటే చిక్కుగానే ఉంటుంది.

ఇక సామాను. చాలా టవర్లలో రెండు ఊఫర్లుంటాయి, 8 ఓమ్స్‌వి రెండు ప్యారలల్‌లో కలిపి మొత్తం 4 ఓమ్స్ చేస్తారు. మెసేజ్ చెప్పినట్టు ఆ రెండిటినీ 4 ఓమ్స్‌వి చేస్తే యాంప్ ముందు 2 ఓమ్స్ నిలబడతాయి. ఒక్కటే మార్చినా 2.7కు దిగుతుంది, పైగా ఆ కొత్త ఊఫర్ పక్కదానికంటే రెట్టింపు పవర్ లాగుతుంది. యాంప్ వెనక టెర్మినల్స్ దగ్గర కనీసం 4 ఓమ్స్ అనో 6 ఓమ్స్ అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కదా, అది అలంకారానికి రాసింది కాదు. ప్రొటెక్షన్ బాగా ఉన్న యాంప్ అయితే వాల్యూమ్ పెంచగానే ఆగిపోతుంది. లేనిదైతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. అవి షార్ట్ అయి పోతే సప్లై డీసీ నేరుగా స్పీకర్‌లోకి వెళ్తుంది, ఊఫర్ కోన్ ఒకవైపుకు బిగుసుకుని వాయిస్ కాయిల్ మాడిపోతుంది. ఒక డ్రైవర్ బాగుచేయబోతే మిగతావీ పోయినట్టు. మెసేజ్‌లో దీని గురించి ఒక్క హెచ్చరిక లేదు, "సౌండ్ పెరుగుతుంది" అని మాత్రం ఉంది.

ట్వీటర్ విషయంలో చెప్పింది ఇంకా అన్యాయం. ఖరీదైన బ్రాండు ట్వీటర్ తెచ్చి పెడితే ఆ బ్రాండు సౌండ్ రాదు. అక్కడ దాని ముందు వేరే క్రాసోవర్ ఉంది, దాని చుట్టూ వేరే బాఫిల్ (డ్రైవర్లు బిగించే ముందు పలక) ఉంది. 1,800 హెర్ట్జ్ దగ్గర విభజించిన టవర్‌లో 3,500 పైన పనిచేయడానికి చేసిన ట్వీటర్ పెట్టారనుకోండి. ఒకే మోతకు ఫ్రీక్వెన్సీ సగమైతే డోమ్ (ట్వీటర్ ముందుండే చిన్న గోపురం లాంటి పొర) కదలాల్సిన దూరం నాలుగు రెట్లవుతుంది. ట్వీటర్ డోమ్‌కు ఉండేదే మిల్లీమీటర్‌లో కొద్ది భాగం కదలిక. మెల్లగా పెట్టినప్పుడు గరగర, గట్టిగా పెట్టినరోజు నిశ్శబ్దం, చివరికి మరో ట్వీటర్ కోసం వెతుకులాట.

దీన్ని దగ్గరగా చూసిన అనుభవం ఒకటుంది. స్నేహితుడి టవర్లలో కుడివైపు ట్వీటర్ పోతే ఈ పద్ధతిలోనే వేరే బ్రాండుది బిగించారు. ఇంచీలు, ఓమ్స్ రెండూ కలిశాయి. అతనికి ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఒక గొంతు మాత్రమే ఉన్న రికార్డింగును మోనోలో పెట్టి ఇద్దరం మధ్యలో కూర్చున్నాం. గొంతు నడిమధ్యే ఉంది. కానీ "స", "ష" వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క అక్షరం కుడివైపుకు దూకుతోంది, మళ్ళీ అచ్చు రాగానే గొంతు మధ్యకు వస్తోంది. ఒక్కసారి గమనించాక ఇక పాట వినలేకపోయాం. మైక్ పెట్టి కొలిస్తే కొత్త ట్వీటర్ పాతదానికంటే దాదాపు 4 డీబీ ఎక్కువ. వెనక ప్లేటు విప్పితే సంగతి అర్థమైంది: బోర్డు మీద ట్వీటర్‌కు సిరీస్‌లో ఒక రెసిస్టర్ ఉంది, పాత ట్వీటర్‌ను ఊఫర్ స్థాయికి తగ్గించడానికి కొలిచి పెట్టింది. కొత్తదాని సెన్సిటివిటీ వేరు. రెసిస్టర్‌కు ఆ సంగతి తెలియదు.

ఫేజ్ సంగతి, అంటే రెండు డ్రైవర్ల తరంగాలు ఒక వరసలో కలిసి వస్తున్నాయా అన్న సంగతి, కూడా ఉంది. 3,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 11 సెంటీమీటర్ల పైచిలుకు. ట్వీటర్ డోమ్ లోతు ఒక్క సెంటీమీటర్ మారితే 30 డిగ్రీల ఫేజ్ తేడా. విభజన చోట ట్వీటర్, ఊఫర్ కలిసి పాడాలని డిజైనర్ పడ్డ కష్టమంతా ఆ సెంటీమీటర్‌తో పోవచ్చు. లోహపు కోన్ ఊఫర్ల తలనొప్పి వేరే. పై ఫ్రీక్వెన్సీల్లో అవి గంటలా మోగే ఒక చోటుంటుంది, దాన్ని అణచడానికి బోర్డు మీద నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క చోటునే తగ్గించే సర్క్యూట్) పెడతారు. పేపర్ కోన్ కోసం చేసిన టవర్‌లో అల్యూమినియం కోన్ పెడితే అణిచేవాళ్ళు ఎవరూ ఉండరు.

బాక్సు గురించి మెసేజ్ ఒక్క ముక్క మాట్లాడలేదు, చెక్కపెట్టెకు సౌండ్‌తో సంబంధమే లేనట్టు. 1961లో ఇంజినీర్ నెవిల్ థీల్ పేపర్, ఆ తర్వాత 1970ల మొదట్లో మరో ఇంజినీర్ రిచర్డ్ స్మాల్ పేపర్లు వచ్చినప్పటినుంచీ ఊఫర్‌కు ఎంత గాలి కావాలో, పోర్ట్ (పెట్టెకు ఉండే గాలి గొట్టం) ఎక్కడ ట్యూన్ చేయాలో లెక్కకట్టే పద్ధతి అందరి చేతిలో ఉంది. ఎఫ్ఎస్ (రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పేది), వీఏఎస్ (కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ మెత్తదనాన్ని గాలి పరిమాణంలో చెప్పేది) అనే మూడు అంకెలు లేకుండా ఊఫర్ మార్చడం అంటే కళ్ళకు గంతలు కట్టుకోవడమే. పోర్ట్ ఉన్న టవర్ సాధారణంగా 0.3, 0.4 క్యూటీఎస్ ఉన్న ఊఫర్ చుట్టూ కట్టి ఉంటుంది. అందులో 0.7 ఉన్నది పెడితే బేస్ ఉబ్బిపోతుంది. బేస్ గిటార్ ఏ నోటు వాయించినా ఒకే నోటు మోగినట్టుంటుంది. మొదటి రోజు అది "బేస్ పెరిగింది" అనిపిస్తుంది, అందుకే ఈ మెసేజ్‌కు ఇంతమంది సాక్షులు.

"కొన్నాళ్ళు మోగితే సర్దుకుంటుంది" అన్నదానికి: కొత్త ఊఫర్ సస్పెన్షన్ కాస్త మెత్తబడి ఎఫ్ఎస్ కొద్దిగా దిగే మాట నిజం. దానివల్ల బోర్డు మీద కెపాసిటర్ విలువ మారదు. సర్దుకునేది మీ చెవి.

మిగిలింది ఫ్యాక్టరీల మాట. ఇక్కడ మెసేజ్ రాసినాయన చెప్పినదాంట్లో నిజం ఉంది, ఒప్పుకోవాలి. నార్వే సియాస్, డెన్మార్క్ స్కాన్‌స్పీక్ లాంటివాళ్ళ డ్రైవర్లు ఎన్నో బ్రాండ్ల టవర్లలో ఉంటాయి. ఇంకా గట్టి ఉదాహరణ నేనే ఇస్తాను. బీబీసీ డిజైన్ చేసిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్ స్పీకర్‌ను రోజర్స్, స్పెండర్, చార్ట్‌వెల్ లాంటి వేర్వేరు కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారుచేశాయి. అన్నిట్లోనూ కెఫ్ కంపెనీ బి110 ఊఫర్, టి27 ట్వీటరే. బ్రాండ్లు వేరైనా డ్రైవర్లు ఒకటే.

అయితే ఆ కథ అక్కడితో అయిపోలేదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ డ్రైవర్లే అయినా ఒక్కో పీసుకూ స్వల్ప తేడాలుంటాయని వాళ్ళకు తెలుసు. అందుకే క్రాసోవర్‌లో ట్వీటర్ స్థాయిని సరిచేసుకోవడానికి ట్యాపులున్న (కావాల్సిన స్థాయి ఎంచుకునే కనెక్షన్లున్న) ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ బి110 తయారీలో వచ్చిన మార్పులు హద్దు దాటాయి. దాంతో 1980ల చివర్లో ఊఫర్‌ను సవరించి క్రాసోవర్‌ను మళ్ళీ డిజైన్ చేశారు. పాత 15 ఓమ్స్ స్పీకర్ కొత్తగా 11 ఓమ్స్‌ది అయింది. ఒకే డ్రైవర్‌లో వచ్చిన మార్పుకే అంత పని చేయాల్సి వస్తే, సంబంధమే లేని రెండు బ్రాండ్ల డ్రైవర్లను స్క్రూడ్రైవర్‌తో కలిపేయొచ్చని ఎలా చెప్తారు? పైగా పెద్ద బ్రాండ్లు బయట కొనే డ్రైవర్లు చాలాసార్లు తమ కోసం మార్పించుకున్నవి. ముందు నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, వాయిస్ కాయిల్ వేరు.

నేను వద్దనేది ఈ అడ్డదారి పద్ధతిని. డ్రైవర్ మార్చడం పాపమని నేననను. కంపెనీ మూతపడింది, విడిభాగాలు దొరకవు, క్యాబినెట్ మాత్రం చక్కగా ఉంది, అలాంటప్పుడు వేరే బ్రాండు డ్రైవర్ పెట్టడం తప్ప దారి లేకపోవచ్చు, అది మంచి పనే. కాకపోతే దాన్ని కొత్త స్పీకర్ డిజైన్ చేస్తున్నట్టే చేయాలి. రెండువైపులా మార్చాలి, కొలవాలి, క్రాసోవర్ తిరగరాయాలి. ఒక కొలత మైక్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంట్లోనే చాలావరకు కుదురుతుంది. ఒక్కో డ్రైవర్‌కు విడి యాంప్, డీఎస్పీ (సౌండ్‌ను డిజిటల్‌గా సవరించే ప్రాసెసర్) పెట్టి నడిపేవాళ్ళకు పని ఇంకా సులువు, ఫిల్టర్లన్నీ కంప్యూటర్‌లోనే మార్చుకోవచ్చు.

చాలామందికి అంతదూరం పోవాల్సిన అవసరమే రాదు. ముందు అసలు పోయిందేమిటో చూడండి. ఎడమ, కుడి కేబుళ్ళు తారుమారు చేస్తే తప్పు స్పీకర్‌దో యాంప్‌దో బయటపడుతుంది. ఊఫర్ అంచున ఫోమ్ పొడి రాలుతుంటే డ్రైవర్ పోలేదు, ఫోమ్ పోయింది. అది మాత్రమే మార్చవచ్చు. కాయిల్ కాలితే రీకోన్ చేసేవాళ్ళు (కోన్, కాయిల్ కొత్తవి వేసేవాళ్ళు) ఉన్నారు. మాగ్నెట్ వెనక స్టిక్కర్ మీదున్న పార్ట్ నంబర్ ఫొటో తీసి కంపెనీకి పంపండి. టవర్ మోడల్ ఆగిపోయినా ఆ డ్రైవర్ వేరే మోడల్‌లో వస్తూ ఉండొచ్చు. కాలిన డ్రైవర్‌ను పారేయకండి, రెండోవైపు బాగున్నదాన్ని "ఎలాగూ జత మారుస్తున్నాం కదా" అని అమ్మేయకండి. ఆ టవర్ క్రాసోవర్ దేనికోసం చేశారో కొలిచి చెప్పడానికి మీ దగ్గర మిగిలింది ఆ బాగున్న డ్రైవర్ ఒక్కటే.